కినేసిన్ స్ట్రక్చర్ చదవడం ఎలా: ముందు పాకెట్‌లో ఏముందో చూడండి

మోటార్ ప్రోటీన్ బొమ్మ స్క్రీన్ మీదకు రాగానే అందరూ చేసే మొదటి పని దాన్ని గిరగిరా తిప్పడం. రంగులు బాగుంటాయి, హెలిక్సులు మెలికలు తిరిగి అందంగా ఉంటాయి, ఒక స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. అక్కడితో ఆపేస్తే చూసినట్టు కాదు.

నేను నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. శనివారం మధ్యాహ్నం కంప్యూటర్ ల్యాబ్ ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆసక్తి ఉన్న పిల్లల్ని కూర్చోబెట్టి ఈ స్ట్రక్చర్లు, అంటే ప్రోటీన్‌లో ఏ పరమాణువు ఎక్కడుందో చూపే త్రీడీ బొమ్మలు, చదివిస్తాను. మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. ఆకారం సంగతి తర్వాత, ముందు దాని పాకెట్‌లో, అంటే ఇంధన అణువు కూర్చునే గుంటలో, ఏముందో చూడండి. ఏటీపీ ఉందా, ఏడీపీ ఉందా, ఖాళీగా ఉందా?

ఎందుకంటే మోటార్ ప్రోటీన్ అంటే కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అనే చిన్న అణువుని ఖర్చుపెట్టి కదిలే ప్రోటీన్. ఏటీపీ వచ్చి అతుక్కుంటుంది, విరిగి ఏడీపీ, ఫాస్ఫేట్ అవుతుంది, ఫాస్ఫేట్ బయటకు పోతుంది, ఆ తర్వాత ఏడీపీ కూడా పోతుంది. ఈ చక్రంలో ఒక్కో దశలో ప్రోటీన్ ఒక్కో రూపంలో ఉంటుంది. మనకు దొరికే ఏ స్ట్రక్చర్ అయినా ఆ దశల్లో ఒక్కదాని ఫోటో మాత్రమే. ఒక్క ఫోటోని ఎంతసేపు చూసినా కదలిక తెలియదు. రెండు దశల్ని ఎంచుకోవాలి, ఒకదాని మీద ఒకటి పెట్టాలి, ఎక్కడ తేడా వచ్చిందో వెతకాలి. ఆ పని ఎలా చెయ్యాలో ఇక్కడ రాస్తున్నాను.

ఏటీపీ పేరు ఎత్తినప్పుడు మా క్లాసులో ఇంకో పేరు కూడా వస్తుంది. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఏటీపీని గుర్తించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నారు. పాకెట్‌లో ఉన్న ఆ చిన్న అణువుని పిల్లలకు చూపించేటప్పుడు ఈ సంగతి చెప్పకుండా నేను ముందుకు వెళ్ళను. వాళ్ళకు తెలియాలి.

కావలసినవి

పెద్ద ఖర్చేమీ లేదు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, చక్రం ఉన్న మౌస్, ఒక నోట్‌బుక్. సాఫ్ట్‌వేర్ కైమెరా ఎక్స్, చదువుకునేవాళ్ళకు ఉచితం. స్ట్రక్చర్లన్నీ ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో ఉంటాయి. 1971 నుంచి నడుస్తున్న ఈ భాండాగారం ఎవరికైనా ఉచితమే. ఫోన్‌లో కుదరదా అని చాలామంది అడుగుతారు. బొమ్మ తెరిచి చూడటానికి ఫోన్ బ్రౌజర్ సరిపోతుంది, పోల్చి చదవడానికి మాత్రం ల్యాప్‌టాప్ కావాల్సిందే. ఇంట్లో లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ చేయించమని అడగండి.

ఒక్క సూచన. ఈ వ్యాసంలో స్ట్రక్చర్ల కోడ్లు తెలుగులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.

కినేసిన్‌తోనే మొదలుపెట్టండి

మన కణాల్లో మోటార్ ప్రోటీన్లు మూడు కుటుంబాలు. మయోసిన్ ఆక్టిన్ పోగుల మీద నడుస్తుంది. కినేసిన్, డైనీన్ మైక్రోట్యూబ్యూల్ మీద, అంటే ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో కట్టిన సన్నటి గొట్టం మీద నడుస్తాయి. కినేసిన్లలో చాలావరకు ప్లస్ కొస వైపు, డైనీన్ మైనస్ కొస వైపు. మూడింటిలో కొత్తవాళ్ళు మొదట పట్టుకోవాల్సింది కినేసిన్నే. మోటార్ భాగం చిన్నది, సుమారు 350 అమినో ఆమ్లాలు. ఒక మధ్యాహ్నంలో మొత్తం తిరిగి రావచ్చు.

1985లో స్క్విడ్ అనే సముద్రజీవి నాడీకణాల నుంచి వేల్, రీస్, షీట్జ్ దీన్ని వేరు చేశారు. 1996లో దాని మోటార్ భాగం స్ట్రక్చర్ వచ్చింది. ఆ మానవ కినేసిన్ స్ట్రక్చర్ కోడ్ 1బీజీ2. కైమెరా ఎక్స్ కింద ఉన్న కమాండ్ పెట్టెలో ఓపెన్ అని కొట్టి, పక్కన ఈ కోడ్ రాస్తే నేరుగా డౌన్‌లోడ్ అయి తెరుచుకుంటుంది.

తెరుచుకోగానే మౌస్ మీద చెయ్యి పెట్టకండి. ముందు నోట్‌బుక్ తీయండి. ఏ జీవిది? ప్రోటీన్‌లో ఎన్నో అమినో ఆమ్లం నుంచి ఎన్నో అమినో ఆమ్లం వరకు? పాకెట్‌లో ఏముంది? మైక్రోట్యూబ్యూల్‌తో ఉందా, ఒంటరిగా ఉందా? ఏ పద్ధతి, ఎంత రిజల్యూషన్? ఈ సమాచారం అంతా డేటా బ్యాంక్ పేజీలోనే ఉంటుంది. 1బీజీ2కి జవాబులు ఇవి: మనిషిది, మొదటి 325 అమినో ఆమ్లాలు, ఏడీపీ, ఒంటరి, ఎక్స్‌రే క్రిస్టల్ పద్ధతి, 1.8 ఆంగ్‌స్ట్రామ్. ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటర్‌లో పదో వంతు. 1.8 దగ్గర పక్కగొలుసులు (ఒక్కో అమినో ఆమ్లానికి పక్కన వేలాడే భాగాలు) స్పష్టంగా తెలుస్తాయి, నీటి అణువులు కూడా కనిపిస్తాయి. 3, 4 మధ్యకు వచ్చేసరికి పెద్ద పక్కగొలుసుల్నే నమ్మాలి. 8 దగ్గర హెలిక్సులు కడ్డీల్లా మాత్రమే ఉంటాయి.

ఉప్పల్ నుంచి వచ్చే ఒక అమ్మాయి ఈ స్ట్రక్చర్ చూసి, చాలాసేపు తిప్పి తిప్పి, "మేడమ్, ఇది నడుస్తుందని చెప్పారు. కాళ్ళేవీ?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. కినేసిన్ గొలుసు పొడవు 963 అమినో ఆమ్లాలు. అలాంటివి రెండు జతగా మెలిపడితేనే రెండు తలలు వస్తాయి, ఆ తలలే దాని కాళ్ళు. క్రిస్టల్ కట్టడం కోసం మిగతా అంతా కోసేసి ఒక్క తల మాత్రమే తీసుకున్నారు. మనం చూస్తున్నది ఒంటి కాలు. ఎన్నో నంబరు నుంచి ఎన్నో నంబరు వరకు అని ముందే రాసుకోమన్నది ఇందుకే. కోసేసిన భాగం ఏమిటో తెలియకపోతే ఉన్న భాగం అర్థం కాదు.

పాకెట్ దగ్గర కాసేపు కూర్చోండి

ఇప్పుడు మెనూలో సెలెక్ట్, స్ట్రక్చర్, లైగాండ్ అని వెళ్ళండి. ఏడీపీ వెలుగుతుంది. దాని దగ్గరకు జూమ్ చెయ్యండి. పక్కనే ఒంటరి గోళంలా మెగ్నీషియం అయాన్ ఉంటుంది. ఈ చుట్టుపక్కల మూడు చోట్లు గుర్తుపెట్టుకుంటే చాలు, ఏ కినేసిన్ స్ట్రక్చర్ తెరిచినా దారి తప్పరు.

మొదటిది పీ లూప్, 85 నుంచి 92 వరకు. గ్లైసీన్, గ్లుటమీన్, థ్రియోనీన్, సెరీన్, సెరీన్, గ్లైసీన్, లైసీన్, థ్రియోనీన్. ఫాస్ఫేట్లను చుట్టి పట్టుకునేది ఇదే. దీన్ని ఒక రంగు చెయ్యండి. రెండోది స్విచ్ వన్, 198 నుంచి 205 వరకు. మూడోది స్విచ్ టూ, 231 నుంచి 236 వరకు. రెండు స్విచ్‌లకూ వేరే వేరే రంగులు ఇవ్వండి. ఏటీపీకి ఉండి ఏడీపీకి లేనిది మూడో ఫాస్ఫేట్ ఒక్కటే. అది ఉందా లేదా అని కనిపెట్టేది ఈ రెండు స్విచ్‌లే. 234వ గ్లైసీన్ ఆ ఫాస్ఫేట్ దగ్గరకు జరిగి పట్టుకుంటుంది. దాంతో మిగతా ప్రోటీన్ అంతా సర్దుకోవడం మొదలవుతుంది.

ఇక్కడ ఒక కొలత తీసుకోండి. స్విచ్ వన్‌లోని 203వ ఆర్జినీన్, స్విచ్ టూలోని 236వ గ్లుటమేట్. రెండింటి పక్కగొలుసుల చివర్ల మధ్య దూరం ఎంతో కొలిచి రాసుకోండి. 1బీజీ2లో అవి కలిసి ఉండవు. ఏటీపీ లాంటి దశలో ఈ రెండూ దగ్గరకు వచ్చి ఉప్పు బంధం (ప్లస్, మైనస్ ఆవేశాల మధ్య పట్టు) కడతాయి, పాకెట్ తలుపు మూసుకుంటుంది. సాధారణంగా నాలుగు ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే ఉప్పు బంధం అనుకోవచ్చు. ముందు ముందు ఏ స్ట్రక్చర్ తెరిచినా ఇదే కొలత తీసి పక్కపక్కన రాస్తూ పోండి. "స్విచ్‌లు మూసుకున్నాయి" అని పేపర్లో చదివినప్పుడు అది మీకు అంకెల్లో తెలుస్తుంది.

స్విచ్ టూ నుంచి ముందుకు వెళితే ఒక పొడవాటి హెలిక్స్ వస్తుంది. దాన్ని ఆల్ఫా 4 అంటారు. తల మైక్రోట్యూబ్యూల్‌కి ఆనేది ఈ వైపే. పాకెట్ ఒక పక్క, నేల ఇంకో పక్క, రెండింటికీ మధ్య వార్త మోసేది ఈ హెలిక్స్.

కనిపించని చోటు కూడా చదవాల్సిందే

బొమ్మలో అక్కడక్కడ చుక్కల గీతలు ఉంటాయి. పిల్లలు వాటిని పట్టించుకోరు, సాఫ్ట్‌వేర్ లోపం అనుకుంటారు. అక్కడ ప్రోటీన్ ఉంది, కానీ స్థిరంగా ఒకచోట లేదు కాబట్టి క్రిస్టల్‌లో పట్టుబడలేదు. మోటార్ ప్రోటీన్ల విషయంలో ఈ ఖాళీలకు చాలా విలువుంది. స్విచ్ టూ తర్వాత వచ్చే ఎల్ 11 అనే లూప్ మైక్రోట్యూబ్యూల్ లేనప్పుడు ఊగిసలాడుతూ ఉంటుంది, మైక్రోట్యూబ్యూల్ తగలగానే స్థిరపడి హెలిక్స్‌లో కలిసిపోతుంది. ఒంటరి తలలో అది కనిపించకపోవడమే మనకు సమాచారం.

నెక్ లింకర్ సంగతీ అంతే. తలకు, మెలిపడిన మెడకు మధ్య ఉండే సన్నటి పట్టీ అది, సుమారు 323 నుంచి 338 వరకు, దాదాపు పదిహేను అమినో ఆమ్లాలు. 1బీజీ2లో అది కనిపించదు. ఇప్పుడు రెండో స్ట్రక్చర్ తెరవండి, 1ఎంకేజే. ఇదీ మనిషి కినేసినే, 2002లో వచ్చింది. ఇందులో నెక్ లింకర్ తల పక్కన గాడిలో చక్కగా ఒదిగి ఉంటుంది. వేలాడుతున్న కొంగు తీసి బొడ్లో దోపుకున్నట్టు. తల మొదట్లో ఉండే చిన్న పట్టీ ఒకటి దానికి జతగా పక్కన చేరుతుంది. కినేసిన్ అడుగు ముందుకు పడటంలో అసలు పని ఈ దోపుకోవడానిదే. నెక్ లింకర్ ఒదిగితే వెనక తల ముందుకు విసరబడుతుంది. ఒక అడుగు 8 నానోమీటర్లు, అంటే ఒక ట్యూబ్యులిన్ జత పొడవు. ఒక అడుగుకు ఒక ఏటీపీ. సెకనుకు దాదాపు వంద అడుగులు.

ఇప్పుడు 1ఎంకేజే పాకెట్‌లో ఏముందో చూడండి. ఏటీపీ ఉంటుందని అందరూ అనుకుంటారు. కాదు, అక్కడా ఏడీపీయే!

మా క్లాసులో ప్రతిసారీ అందరూ ఆగిపోయేది ఇక్కడే. పాకెట్‌లో ఉన్నది ఒకటే, నెక్ లింకర్ మాత్రం ఒకచోట కనిపించదు, ఇంకోచోట ఒదిగి ఉంది. మరి పాకెట్ చూడమని చెప్పిన మాట తప్పా? తప్పు కాదు, సగమే అయింది. మైక్రోట్యూబ్యూల్ లేకుండా ఒంటరిగా ఉన్న తల రెండు రూపాల మధ్య అటూ ఇటూ మారుతూ ఉంటుంది. క్రిస్టల్ కట్టిన పరిస్థితిని బట్టి ఏదో ఒక రూపం అందులో చిక్కుకుంటుంది. పాకెట్‌లో ఏముందన్నది, కాళ్ళ కింద ఏముందన్నది రెండూ కలిపి చెబితేనే దశ తేలుతుంది. అందుకే నోట్‌బుక్‌లో "ఒంటరా, మైక్రోట్యూబ్యూల్‌తోనా" అన్న గడిని ఖాళీ వదలొద్దంటాను.

ట్యూబ్యులిన్‌తో ఉన్న జంట

అసలైన పోలికకు 4ఎల్ఎన్‌యూ, 4హెచ్ఎన్ఏ తీసుకోండి. రెండింటిలోనూ కినేసిన్ తల ట్యూబ్యులిన్ మీద కూర్చుని ఉంటుంది. 2014లో వచ్చిన 4ఎల్ఎన్‌యూలో పాకెట్ ఖాళీ. 2013లో వచ్చిన 4హెచ్ఎన్ఏలో ఏడీపీకి పక్కన అల్యూమినియం ఫ్లోరైడ్ ఉంటుంది. అసలు ఏటీపీ పెడితే విరిగిపోతుంది కాబట్టి మూడో ఫాస్ఫేట్‌లా నటించే ఈ పదార్థాన్ని వాడతారు. రెండింటిలోనూ ఇంకో ప్రోటీన్ కూడా ట్యూబ్యులిన్‌కి అంటుకుని కనిపిస్తుంది. అది డార్పిన్. ట్యూబ్యులిన్లు ఒకదానికొకటి గొలుసులా అతుక్కుపోకుండా శాస్త్రవేత్తలు తయారుచేసి పెట్టిన కృత్రిమ ప్రోటీన్. దాన్ని కినేసిన్ రెండో తల అనుకుని రికార్డులో గీసేవాళ్ళు చాలామంది. ముందే దాచేయండి.

ఇక రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టాలి. టూల్స్ మెనూలో స్ట్రక్చర్ అనాలిసిస్ కింద మ్యాచ్‌మేకర్ ఉంటుంది. అది తనంతట తానే జత కలిపేస్తుంది. అక్కడే రెండు జాగ్రత్తలు కావాలి.

మొదటిది. పని అయిపోయాక లాగ్‌లో ఆర్ఎంఎస్‌డీ అని, అంటే రెండు బొమ్మలూ సగటున ఎంత దూరం తప్పాయో చెప్పే కొలత, రెండు అంకెలు వస్తాయి. ఒకటి, బాగా కలిసిన పరమాణువుల జతలకు మాత్రమే. రెండోది, మొత్తం జతలన్నింటికీ. మొదటి అంకె ఎప్పుడూ అందంగా, ఒకటికి అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని చూసి "రెండూ ఒకేలా ఉన్నాయి" అని రాసేస్తారు. కలవని భాగాల్ని పక్కకు తీసేసి వేసిన లెక్క అది. మోటార్ ప్రోటీన్‌లో కలవని భాగమంటే కదిలిన భాగం. మనం వెతుకుతున్నదాన్నే తీసేసిన అంకె మనకు దేనికి? రెండో అంకె రాసుకోండి. ఆ తర్వాత ఏ భాగాలు విడిపోయాయో కంటితో వెతకండి.

రెండోది ఇంకా ముఖ్యం. దేని మీద కలిపారో దాన్ని బట్టే ఏది కదిలిందో కనిపిస్తుంది. ఒకసారి పీ లూప్, దాని చుట్టూ ఉన్న బీటా షీట్ భాగాన్ని మాత్రమే సెలెక్ట్ చేసి, సెలెక్షన్‌కే పరిమితం చేసే టిక్ పెట్టి కలపండి. ఆల్ఫా 4, ట్యూబ్యులిన్ కలిసి పక్కకు ఒరిగినట్టు కనిపిస్తాయి. ఇప్పుడు ట్యూబ్యులిన్‌నే సెలెక్ట్ చేసి కలపండి. ఆల్ఫా 4 కదలదు, పీ లూప్ ఉన్న ముక్క తిరుగుతుంది, నెక్ లింకర్ ఒదగాల్సిన గాడి తెరుచుకుంటుంది. రెండు బొమ్మలూ నిజమే. కానీ కణంలో మైక్రోట్యూబ్యూల్ కదలకుండా ఉండి కినేసిన్ దాని మీద నడుస్తుంది కాబట్టి రెండో చూపే మనకు పనికొచ్చేది. పేపర్లో "ఈ హెలిక్స్ కదిలింది" అని చదివినప్పుడల్లా "దేనితో పోలిస్తే?" అని అడగండి. ఆ జవాబు సాధారణంగా బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇదంతా అయ్యాక 203, 236 కొలత మళ్ళీ తీయండి. 4హెచ్ఎన్ఏలో ఆ రెండు పక్కగొలుసులూ కలిసి ఉంటాయి.

రెండు స్ట్రక్చర్ల మధ్య మార్ఫ్ అనే కమాండ్‌తో వీడియో కూడా చెయ్యొచ్చు. కళ్ళ ముందు కదులుతుంటే పిల్లలకు భలే ఉత్సాహం వస్తుంది, నేనూ చూపిస్తాను. అయితే ఆ మొదటి ఫ్రేమ్, చివరి ఫ్రేమ్ మాత్రమే ప్రయోగంలోంచి వచ్చినవి. మధ్యలోదంతా కంప్యూటర్ గీసిన అడ్డదారి. సెమినార్‌లో ఆ వీడియో చూపిస్తే ఈ మాట కూడా తప్పకుండా చెప్పండి.

జబ్బు చేసిన చోటు వెతకడం

ఇంతవరకు వచ్చినవాళ్ళకు నేనిచ్చే హోంవర్క్ ఇది. కాళ్ళు బిగుసుకుపోయే ఒక వంశపారంపర్య జబ్బు ఉంది, స్పాస్టిక్ పారాప్లీజియా అంటారు. దానిలో ఒక రకం కేఐఎఫ్5ఏ జన్యువులో మార్పుల వల్ల వస్తుంది. ఇది నాడీకణాల్లో పనిచేసే కినేసిన్. 2002లో బయటపడ్డ మొదటి మార్పు 256వ ఆస్పరజీన్ స్థానంలో సెరీన్ రావడం. ఆ చోటు ఎక్కడుందో కనుక్కోండి.

ఇక్కడ నంబర్ల దగ్గర జాగ్రత్త. మనం చూస్తున్న 1బీజీ2 కేఐఎఫ్5బీ ప్రోటీన్‌ది. దాని పీ లూప్ 85 దగ్గర మొదలైతే కేఐఎఫ్5ఏలో 86 దగ్గర మొదలవుతుంది. ఒక్క అంకె జరిగింది. కాబట్టి వెతకాల్సింది 255. యూనిప్రాట్ అనే ప్రోటీన్ల డేటాబేస్‌లో రెండు సీక్వెన్సులూ (అమినో ఆమ్లాల వరుసలు) తీసుకుని పక్కపక్కన పేర్చి చూస్తే మీకే తెలుస్తుంది. వెతికి పట్టుకుంటే అది స్విచ్ టూ తర్వాతి లూప్‌లో, ఆల్ఫా 4 మొదట్లో, సరిగ్గా పాకెట్ వార్త నేలకు చేరే దారిలో ఉంటుంది. వెన్నుపాము నుంచి అరికాలి వరకు మీటరు దాకా ఉండే నాడుల్లో సరుకు మోసే ప్రోటీన్ ఇది. మీటరు దూరానికి 8 నానోమీటర్ల అడుగులు ఎన్నో లెక్క వెయ్యండి, పన్నెండున్నర కోట్లు. పొడవాటి నాడులే ముందు దెబ్బతినడంలో ఆశ్చర్యమేముంది?

గుండె జబ్బుల వైపు ఆసక్తి ఉంటే మయోసిన్ మీద ఇదే పని చెయ్యొచ్చు. గుండె కండరం మందమయ్యే జబ్బుకు కారణంగా 1990లో గుర్తించిన మార్పు బీటా మయోసిన్‌లో 403వ ఆర్జినీన్ దగ్గర. అది ఆక్టిన్‌ని తాకే వైపు ఉంటుంది. దీనికి సంబంధించి హైదరాబాద్ వాళ్ళు తెలుసుకోవాల్సిన విషయం ఇంకోటి ఉంది. మయోసిన్ తలల్ని అదుపులో ఉంచే మయోసిన్ బైండింగ్ ప్రోటీన్ సీ అని ఒకటుంది. దాని జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన రూపం భారతీయుల్లో సుమారు నాలుగు శాతం మందిలో ఉందని 2009లో తేలింది. ఆ పరిశోధనలో హబ్సిగూడలోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) శాస్త్రవేత్తలు ఉన్నారు. మెట్రోలో రోజూ ఆ స్టేషన్ దాటి వెళ్ళే పిల్లలకు ఈ సంగతి చెబితే ముఖాలు వెలిగిపోతాయి.

మయోసిన్, డైనీన్

మయోసిన్ తల స్ట్రక్చర్ 1993లోనే వచ్చింది, 2ఎంవైఎస్, కోడి కండరంలోది. క్రిస్టల్ కట్టడానికి దాని లైసీన్లన్నింటికీ మిథైల్ తగిలించాల్సి వచ్చింది, అది కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కాల్సిన విషయమే. 1996లో కినేసిన్ వచ్చాక రెండింటి నడిమి భాగం ఒకే పోలికలో ఉందని తెలిసి అందరూ ఆశ్చర్యపోయారు. సీక్వెన్సులో చుట్టరికం దాదాపు కనిపించదు, పాకెట్ దగ్గర మాత్రం అవే పీ లూప్, అవే స్విచ్‌లు. కానీ పద్ధతి తిరగబడుతుంది. కినేసిన్‌కి ఏటీపీ తగిలితే మైక్రోట్యూబ్యూల్‌ని గట్టిగా పట్టుకుంటుంది. మయోసిన్‌కి ఏటీపీ తగిలితే ఆక్టిన్‌ని వదిలేస్తుంది. చనిపోయినవారి శరీరం బిగుసుకుపోయేది ఏటీపీ లేక మయోసిన్ వదలకపోవడం వల్లే.

డైనీన్‌తో మాత్రం మొదలుపెట్టకండి. మనిషి డైనీన్ ఒక్క గొలుసే 4646 అమినో ఆమ్లాలు. ఇది వేరే వంశం, ఆరు ముక్కలు ఉంగరంలా కూర్చుని ఉంటాయి. అసలు ఏటీపీ ఖర్చయ్యేది మొదటి ముక్కలో. మైక్రోట్యూబ్యూల్‌ని పట్టుకునేది మాత్రం సుమారు 15 నానోమీటర్ల పొడవైన కాడ చివర. అంత దూరం వార్త ఎలా వెళుతుందన్నదే దీని అందం. కినేసిన్ చేతికి వచ్చాక 3వీకేహెచ్ తెరిచి, ముందు ఆరు ముక్కలకు ఆరు రంగులు వేసుకోండి.

ఆల్ఫాఫోల్డ్ గురించి

ఇప్పుడు ఎవరినడిగినా ముందు ఆల్ఫాఫోల్డ్ అంటారు, సీక్వెన్సు ఇస్తే ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ ప్రోగ్రాం అది. 2024లో దానికి నోబెల్ కూడా వచ్చింది. నేనూ వాడతాను. కోసేసిన భాగాలు కూడా ఉన్న పూర్తి గొలుసు అక్కడ దొరుకుతుంది. యూనిప్రాట్‌లో కేఐఎఫ్5బీ నంబరు పీ33176, దాంతో వెతకండి. ముదురు నీలం ఉన్నచోట నమ్మండి, లేత నీలం దగ్గర జాగ్రత్తగా నమ్మండి, పసుపు, నారింజ రంగులున్నచోట ఆకారం గురించి ఏమీ చెప్పకండి.

అయితే మనం మొదట అడగాల్సిన ప్రశ్నకు డేటాబేస్‌లోని ఆ మోడల్ దగ్గర జవాబు లేదు. దాని పాకెట్‌లో ఏడీపీ లేదు, ఏటీపీ లేదు, మెగ్నీషియం లేదు. పాకెట్ ఖాళీగా ఉన్న దశ అని కూడా అనుకోకూడదు, నేర్చుకున్న స్ట్రక్చర్లన్నింటి ప్రభావం అందులో కలిసి ఉంటుంది. పైగా జతగా ఉండాల్సిన ప్రోటీన్‌ని ఒంటి గొలుసుగా చూపిస్తుంది. మోటార్ ఏ దశలో ఉందో చెప్పడానికి దాన్ని సాక్ష్యంగా వాడొద్దు.

కణం లోపల చూడాలంటే

ఇప్పటివరకు చూసినవన్నీ శుద్ధి చేసి, కోసి, కణం బయట పెట్టిన ముక్కలు. కణంలో సరుకు లేని కినేసిన్ చాలావరకు మడుచుకుని, తనను తానే ఆపుకుని ఉంటుంది. దాన్ని ఉన్నచోటే చూడటానికి క్రయో టోమోగ్రఫీ చేస్తారు. కణాన్ని ఒక్క క్షణంలో గడ్డకట్టిస్తారు, నీరు స్ఫటికం కట్టేంత సమయం ఇవ్వరు. మందంగా ఉంటే అయాన్ కిరణంతో చెక్కి 100, 200 నానోమీటర్ల పలుచని పొర మిగులుస్తారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో దాన్ని అటు అరవై డిగ్రీలు, ఇటు అరవై డిగ్రీలు వంచుతూ ఫోటోలు తీసి, కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మ కడతారు. పూర్తిగా తొంభై వరకు వంచలేరు కాబట్టి కొంత సమాచారం ఎప్పుడూ తక్కువే, బొమ్మ ఒక దిశలో సాగినట్టు ఉంటుంది. దాన్ని ప్రోటీన్ అసలు ఆకారం అనుకోకండి.

ఈ పద్ధతికి బాగా లొంగింది సిలియాలోని, అంటే కణం మీద వెంట్రుకల్లా ఊగే భాగాల్లోని, డైనీన్. వరుసగా, క్రమం తప్పకుండా అమరి ఉంటాయి కాబట్టి వేల కాపీల్ని కత్తిరించి సగటు తీయొచ్చు. ఆ మ్యాపులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ డేటా బ్యాంక్‌లో ఉచితంగా ఉన్నాయి. తెరిచాక కైమెరా ఎక్స్‌లో కాంటూర్ గీతను నెమ్మదిగా అటూ ఇటూ జరపండి. కిందకు జరిపితే అన్నీ కలిసి ముద్దయిపోతాయి, పైకి జరిపితే సన్నటి కాడ మాయమవుతుంది. మీకు నచ్చినచోట ఆపడం కాదు, డేటా బ్యాంక్ పేజీలో శాస్త్రవేత్తలు సూచించిన స్థాయి ఉంటుంది, అక్కడ పెట్టి చూడండి. ఏ స్థాయిలో చూశారో రాసుకోండి.

ల్యాబ్‌కి రాసేటప్పుడు

ఈ పని నచ్చినవాళ్ళు సమ్మర్ ప్రాజెక్టు కోసం వెతుకుతారు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ ఉంది, దాని నోటిఫికేషన్ ముందు ఏడాది చివర్లోనే వస్తుంది, వేసవి దాకా ఆగితే చేతికి రాదు. నేరుగా మెయిల్ రాయాలంటే సీసీఎంబీ, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్ఆర్ హైదరాబాద్ వెబ్‌సైట్లలో ఎవరు ఏం చేస్తున్నారో చూసుకుని, వాళ్ళ పేపరు ఒకటి చదివాకే రాయండి. "నాకు రీసెర్చ్ అంటే చాలా ఇష్టం సార్" అన్న మెయిళ్ళు వాళ్ళకు రోజూ వస్తాయి. ఇంగ్లీషు సరిగా రాదని టెన్షన్ పడకండి, చిన్న వాక్యాలు చాలు. మీరు సొంతంగా చేసిన ఒక పోలికను ఒక పేజీలో పెట్టి జత చెయ్యండి. రెండు కోడ్లు, రెండు పాకెట్లలో ఏముంది, దేని మీద కలిపారు, 203 నుంచి 236కి దూరం ఎంత నుంచి ఎంతకు మారింది, మీకు అర్థం కాని విషయం ఒకటి. ఆ చివరిది మాత్రం వదలొద్దు, చదివే ప్రొఫెసర్ జవాబు రాయడం మొదలుపెట్టేది అక్కడే.